కొనమననూ, వద్దననూ

కోయంబత్తూరు,
జూన్ నెలాఖరు.

అత్తకు నమస్కారాలు.

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా దాన్ని చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చున్నాను గానీ ఎత్తలేదు. కోపం తెచ్చుకోకుండా కారణం విను. పోయిన ఆదివారం నువ్వు "మీ కంపెనీ షేర్లు కొనమంటావా, వద్దంటావా?" అని అడిగావు. నేను "ఊఁ" అన్నాను. "అంటే కొనమనేగా" అన్నావు. "అబ్బే" అన్నాను. "అంటే ఏదో తేడా ఉందన్నమాట" అన్నావు. ఇలా అయితే నా ఉద్యోగం నిలవదు అత్తా.

మా శీతవాహిని కేబుల్స్ చిన్న కంపెనీ. షేర్ మార్కెట్‌లోకి ఈమధ్యే వచ్చింది. మేం తయారుచేసేది సూపర్ కండక్టర్ కేబులు. మామూలు రాగి తీగలో కరెంటు పారితే కొంత వేడిగా మారి వృథా అవుతుంది. మా తీగను బాగా చల్లబరిస్తే ఆ నష్టం దాదాపు ఉండదు. మోచేతి లావు గొట్టంలోంచి పెద్ద మిల్లుకు కావలసిన కరెంటంతా పంపవచ్చు. మొదటి కేబులు మీ ఊళ్ళోనే, గాజువాక ఆటోనగర్ దగ్గర ఒక రోలింగ్ మిల్లుకు వెయ్యబోతున్నాం. ఇదంతా పేపర్లో వచ్చిందే కాబట్టి రాస్తున్నాను.

పేపర్లో రానిది, లోపల జరిగేది, ఎవరికీ చెప్పకూడదు. చేరిన రోజునే సంతకం పెట్టాను. కంపెనీ నియమమే కాదు, చట్టమూ అదే. నాకేమో నీ దగ్గర దాచడం చేతకాదు. చిన్నప్పుడు ఎక్కడ పడ్డానో నేను చెప్పకముందే నీకు తెలిసిపోయేది. అందుకని మిల్లులో ఆ కేబులు నడిచేదాకా మన మధ్య ఉత్తరాలే. కాగితం మీద నా గొంతు వినపడదు.

షేర్ల సంగతి అడిగితే నా జవాబు ఒకటే. కొనమననూ, వద్దననూ.

మామయ్యకు నా నమస్కారాలు.

నీ మేనకోడలు
ఆశాజ్యోతి


కూర్మన్నపాలెం,
జూలై మధ్య.

చిరంజీవి ఆశాజ్యోతికి నాగమణి అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మన వీధిలోకి చేతిరాత ఉత్తరం వచ్చి ఎంత కాలమైందో, పోస్టుమాన్ లోపలికి వచ్చి కూర్చుని మంచినీళ్ళు తాగి మరీ ఇచ్చి వెళ్ళాడు. మీ మామయ్య పైకి చదివి వినిపించమన్నారు. ముప్పై ఏళ్ళు స్టీల్ ప్లాంటులో కరెంటు పనే చేశారు కదా, "నష్టం లేని తీగా? మీ అన్నయ్య కూతురు బాగానే కథలు నేర్చింది" అన్నారు. తర్వాత అట్లాసు కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ అల్మారాలోంచి తన పాత ఫిజిక్సు పుస్తకం తీసుకుని వరండాలో కూర్చున్నారు.

ఆయన చదివి చెప్పిన దాంట్లో నాకో సందేహం. మీ తీగను హై టెంపరేచర్ సూపర్ కండక్టర్ అంటారట. ఆ హై టెంపరేచర్ ఎంత అని అడిగితే సున్నాకి దాదాపు రెండొందల డిగ్రీల కింద అన్నారు. దాన్ని మీరు వేడి అంటారా? మరి చలి అని దేన్నంటారు? ఇలాంటి వాళ్ళ చేతిలో డబ్బు పెట్టవచ్చా అని ఆయన ప్రశ్న.

పెట్టేశాను. చెప్పడం మరిచాను. పోర్టు ఆఫీసులో నేను రిటైరై ఇంటికొచ్చిన వారంలోనే మద్దిలపాలెం వెళ్ళి ఖాతా తెరిచాను. అక్కడ నరేష్ అని ఒక అబ్బాయి ఓపికగా అన్నీ చూపించాడు. చేతికొచ్చిన దాంట్లో చాలా భాగం మామయ్య కోరినట్టు బ్యాంకులోనే వేశాను. కొద్ది భాగం మాత్రం మీ కంపెనీలో పెట్టాను. నువ్వు కొనమనలేదు, నేనే కొన్నాను. మన పిల్ల పనిచేసే చోట నా పేరు కూడా ఎక్కడో ఒక మూల ఉండాలనిపించింది.

మా సూర్యకళకు ఈ సంగతి చెప్పాను. నీకు గుర్తుందా, పోర్టు ఆఫీసు గేటు దగ్గర చేపలమ్మేది, ఇప్పుడు ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపల వ్యాపారం చేస్తోంది. ఆవిడ భర్త గంగరాజుకు సొంత బోటు ఉంది. "వదినా, నీ మేనకోడలు కంపినీ అంటే మన కంపినీయే కదేటి" అని ఒకటే ఉత్సాహం.

నీ పని గురించి నేనేమీ అడగను. ఒక్కటి మాత్రం చెప్పు. అన్నం సరిగ్గా తింటున్నావా? నిద్ర పడుతోందా? తలదువ్వుకోవడానికి తీరిక ఉంటోందా?

నీ అత్త
నాగమణి


కోయంబత్తూరు,
ఆగస్టు.

అత్తకు,

నేను బాగున్నాను. ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. ఇంటి ఓనరు గారి కుక్కకు ఒంట్లో బాగోలేదు, ఇప్పుడు కాస్త నయం. అన్నం తింటున్నాను. మామయ్యను అడిగానని చెప్పు.

ఆశాజ్యోతి


కూర్మన్నపాలెం,
సెప్టెంబరు మొదటివారం.

ఆశా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. చదవడానికి అందులో ఏముంది గనక, కుక్క తప్ప. నీకు కుక్కలంటే భయం. చిన్నప్పుడు మా వీధి చివర కుక్కను చూసి బడి మానేసిన దానివి. నిద్ర పడుతోందా అని అడిగాను, జవాబు లేదు. కిందటిసారి "నీ మేనకోడలు" అని రాసి సంతకం పెట్టావు, ఈసారి ఉత్త పేరు.

ఇదంతా చూసి మామయ్యతో "అక్కడేదో చెడింది, మన షేర్లు అమ్మేస్తాను" అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కుని "పద, నేనూ వస్తాను" అన్నారు. కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది. నా కాలు కదల్లేదు. ఆ పిల్ల నాకు చెప్పకుండా ఉండాలని ఎంత తంటాలు పడుతోందో, ఆ తంటాలనే పట్టుకుని నేను లాభం చూసుకుంటున్నానా అనిపించింది. పక్క బడ్డీలో బజ్జీలు తిని ఇంటికి వచ్చేశాం.

నా సంగతి అలా ఉంచు. నిన్న సూర్యకళ వచ్చింది. బోటుకు కొత్త ఇంజను కోసం వాళ్ళు రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బు మీ కంపెనీలో పెడతానంటోంది. ఏడాదిలో పెరుగుతుందట, అప్పుడు ఇంజనూ వస్తుంది, మిగులూ వస్తుందట. నేను ఆగమంటే, "నువ్వు పెట్టుకోలేదేటి? నీకు లోపలి ఊసులు తెలుసు, నాకు సెప్పవు" అంటోంది. తప్పు నాదే. నీ గురించి గొప్పగా చెప్పుకునే సరదాలో, నాకేదో తెలిసినట్టు మాట్లాడాను.

నాకేమీ చెప్పవద్దు. ఆవిడకేం చెప్పాలో మాత్రం చెప్పు.

అత్త


కోయంబత్తూరు,
సెప్టెంబరు మధ్య.

అత్తకు నమస్కారాలు.

నీ ఉత్తరం క్యాంటీన్‌లో చదివాను. చదివి, తింటున్న ఇడ్లీ వదిలేసి తిన్నగా భ్రమరాంబ గారి గదికి వెళ్ళాను. ఆవిడ మా కంపెనీ సెక్రటరీ. ఈ నియమాలన్నీ చూసే మనిషి. తిరుపతి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఉద్యోగం పోతుందేమోనన్న భయంతోనే ఆవిడ ముందు నీ ఉత్తరం పెట్టాను.

ఆవిడ అంతా చదివారు. బస్సు దగ్గర నువ్వు నిలబడిపోయిన చోట ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ చదివారు.

"మీ అత్తగారు అమ్మలేదు కదా?" అన్నారు.

"లేదండీ."

"కొనను కూడా కొనకూడదు. ఇక్కడి సంగతులేవైనా బయటపెట్టేదాకా ఆవిడ కదలకుండా ఉండాలి. ఆ మాట మీరు రాయండి, నేను చెప్పానని రాయండి."

"మరి సూర్యకళ గారికి ఏం చెప్పమంటారు?"

"బయటపెట్టిన కాగితాల్లో ఏముందో అది చెప్పండి. ఎంతైనా చెప్పండి. బయటపెట్టనిది మాత్రం మౌనంతో కూడా చెప్పకండి. మీ కుక్క ఉత్తరం అందుకే చెడ్డ ఉత్తరం. మంచి రోజైనా, చెడ్డ రోజైనా ఒకేలా రాయడం నేర్చుకోండి."

కాబట్టి అత్తా, ఇప్పుడు రాసేది మా షేర్లు అమ్మకానికి పెట్టిన రోజున కంపెనీయే అచ్చువేసిన పుస్తకంలో ఉన్నది. నరేష్‌ని అడిగితే ఇస్తాడు. అందులో ఇలా ఉంది. ఇంత పొడుగు కేబులు మేం ఇంతవరకూ ఎక్కడా వెయ్యలేదు. ఇంతవరకూ లాభం రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పలేం. తీగ తయారీకి కావలసిన టేపు విదేశాల నుంచి రావాలి. పెట్టిన డబ్బు మొత్తం పోయే అవకాశం ఉంది. ఈ చివరి మాట లావు అక్షరాల్లో ఉంటుంది. అందరూ దాన్ని దాటి తర్వాతి పేజీకి వెళ్ళిపోతారు.

ఇక నా మాట. ఇది కంపెనీ రహస్యం కాదు, ఎవరైనా చెప్పగల మాట. సూపర్ కండక్టర్లు మంచి ఆలోచన. నా జీవితం అందులో పెట్టాను. కానీ మంచి ఆలోచన ఎప్పుడు డబ్బవుతుందో ఎవరికీ తెలియదు. పదేళ్ళు పట్టవచ్చు, అదీ మా చేతిలో కాకుండా ఇంకొకరి చేతిలో కావచ్చు. వచ్చే వేటకు కావలసిన ఇంజను డబ్బు పదేళ్ళు ఆగదు. మా కేబులు నిన్ననే ప్రపంచమంతా మెచ్చుకునేలా నడిచి ఉన్నా నేను సూర్యకళ గారికి ఇదే చెప్పేదాన్ని. ఆ మాట కూడా ఆవిడకు చెప్పు.

అన్నం తింటున్నాను. నిద్ర సంగతి ఇకమీదట రాయను, బాగా పట్టినా సరే. కుక్క కులాసా.

నీ మేనకోడలు
ఆశాజ్యోతి


కూర్మన్నపాలెం,
అక్టోబరు నెలాఖరు.

చిరంజీవి ఆశాజ్యోతికి ఆశీస్సులు.

భ్రమరాంబ గారికి నా నమస్కారాలు చెప్పు. ఆవిడ మాట ప్రకారం నేను రాయిలా కూర్చున్నాను. నాకు అర్థమైనదంతా మరిచిపోదామని చూశాను గానీ మరుపు మన చెప్పుచేతల్లో ఉండదు కదా. అందుకని కొనడం, అమ్మడం రెండూ మానేశాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే హార్బర్‌కి వెళ్ళాను. సూర్యకళ ఎండలో నెత్తళ్ళ చేపలు తిరగేస్తోంది.

"రా వదినా. ఆ సేర్లు కొనే కాయితాలు తెచ్చినావేటి?"

"తేలేదు. నీకొక మాట చెప్పడానికి వచ్చాను. ఆ కంపెనీ లోపలి సంగతులు నాకేమీ తెలియవు."

"నీ మేనకోడలు ఆడే పని సేత్తంది కదా."

"చేస్తుంది. నాకు చెప్పదు. చెప్పకూడదు. నేనే ఏదో తెలిసినట్టు నీ దగ్గర కబుర్లు చెప్పాను."

ఆవిడ నడుం ఎత్తి నన్ను చూసింది. "నీ మాట పట్టుకునే కదా నాను మా ఆయనతో దెబ్బలాడినాను. ఇంజిను ఈ ఏడాదికి ఆగుతాదని సెప్పినాను."

"ఇంజను డబ్బు ఇంజనుకే పెట్టు. కంపెనీ ఎంత బాగున్నా చెప్పే మాటే ఇది. ఆశ కూడా అదే రాసింది." నువ్వు చెప్పిన లావు అక్షరాల పేజీ దారిలో నరేష్ దగ్గర తీసుకున్నాను, అది చదివి వినిపించాను.

"అయితే ఆడేదో బాగోనేదన్నమాట."

"నాకు తెలియదు సూర్యకళా."

"తెల్దంటే నానెలా నమ్మాల? ఎల్లు వదినా, నాకు పనుంది."

ఆ మాటకు నాకు బస్సులో కూడా కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. ఎన్నో ఏళ్ళ స్నేహం. తర్వాత ఆవిడ నా ఫోన్ ఎత్తలేదు. మీ ఇంటా వంటా ఫోన్ ఎత్తకపోవడం ఫ్యాషనైపోయిందని మామయ్య అన్నారు.

ఈ నెల మొదట్లో వాయుగుండం వచ్చింది. వేటకు పోవద్దని చెప్పేసరికే కొన్ని బోట్లు లోపలికి వెళ్ళిపోయాయి. గంగరాజు బోటు వాటిల్లో ఉందని టీవీలో పేర్లు చూసి తెలుసుకున్నాను. మామయ్యా నేనూ ఆటో కట్టించుకుని హార్బర్‌కి వెళ్ళాం. సూర్యకళ గోడవారన నిలబడి ఉంది. నన్ను చూసి నా గొడుగులోకి జరిగింది. మధ్యాహ్నానికి బోట్లు ఒక్కొక్కటే వచ్చాయి. గంగరాజు బోటు ముందు వరసలోనే వచ్చింది. దిగుతూనే భార్యతో, "పాత ఇంజినైతే ఆ గాలికి ఆడే తిరుగుతా ఉండేవోళ్ళం" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఇంజను మార్చారని. నా మీద కోపంతోనే ఆ వారం వెళ్ళి కొనేసిందట. "నమ్మి కాదు వదినా, నీ మీద కసితో కొన్నాను" అంది. ఎలా కొంటేనేం. ఆ సాయంత్రం మా ఇంట్లో వంజరం చేపల పులుసు.

నీ అత్త
నాగమణి


కోయంబత్తూరు,
నవంబరు.

అత్తకు నమస్కారాలు.

ఈపాటికి పేపర్లో చూసే ఉంటావు. మా కేబులు పరీక్షలో ఓడిపోయిందని, మిల్లులో వెయ్యడం వెనక్కి పోయిందని కంపెనీ నిన్న ప్రకటించింది. షేరు ధర సగానికి పడింది. ఇప్పుడు అందరికీ తెలిసింది కాబట్టి రాయవచ్చు.

ఆగస్టులో మొదటి పరీక్ష సరిగ్గా రాలేదు. యంత్రాల లోపమా, కేబులు లోపమా తేల్చడానికి ఇన్నాళ్ళూ మళ్ళీ మళ్ళీ చేశాం. లోపం కేబుల్లోనే ఉంది. తీగ ముక్కల్ని కలిపే చోట ఉండే అతుకుల్లో ఉంది. ఒక అతుకు వేడెక్కితే దాని చుట్టూ ఉన్న తీగ కూడా వేడెక్కి మామూలు తీగైపోతుంది. ఆగస్టులో అదే జరిగి, చల్లబరచడానికి పోసిన ద్రవ నైట్రోజను ఒక్కసారిగా మరిగి తెల్లటి పొగలా పైకి లేచింది. అందరం బయటికి పరుగెత్తాం.

అత్తా, ఆ అతుకులు వేసేది నా జట్టు. ఆ రోజు నాకు తోచింది ఒకటే, నీకు ఫోన్ చేసి భోరుమనాలని. అది కుదరక కుక్క గురించి రాశాను. నిజానికి మా ఓనరు గారికి కుక్కే లేదు.

నీ డబ్బు సగమైపోయింది. నువ్వు బస్సెక్కి ఉంటే అది మిగిలేది. నా వల్లే కదా అని బాధగా ఉంది. అతుకులు ఎలా బాగుచేస్తున్నామో అడగకు, మళ్ళీ మౌనం మొదలు.

నీ మేనకోడలు
ఆశాజ్యోతి


కూర్మన్నపాలెం,
డిసెంబరు మొదట్లో.

చిరంజీవి ఆశాజ్యోతికి ఆశీస్సులు.

లేని కుక్క కులాసా గురించి నేను ఇన్నాళ్ళూ ఆలోచించాను. సరే.

నా డబ్బు గురించి ఏడవకు. బస్సెక్కి ఉంటే డబ్బు మిగిలేది, నిజమే. ఆ డబ్బుతో ఏది కొనుక్కున్నా నాకు నచ్చి ఉండేది కాదు. మామయ్య మాత్రం పొద్దున్నే పేపరు చూసి, "నేను ముందే చెప్పాను" అందామని నోరు తెరిచి, నా మొహం చూసి కాఫీ పెట్టుకొచ్చారు. పెళ్ళైనప్పటి నుంచి ఆయన కాఫీ కలపడం ఇదే మొదలు. పంచదార మరిచారు.

కంపెనీ వేసిన ప్రకటన ఇద్దరం కూర్చుని చదివాం. ఎక్కడ ఓడారో, ఎందుకు ఓడారో అందులో దాచకుండా ఉంది. మామయ్య అతుకుల గురించి చదివి, "ప్లాంటులో కూడా ఎప్పుడూ అతుకులే తెచ్చేవి తంటా. తీగ మంచిదేనన్నమాట" అని గొణుక్కున్నారు.

భ్రమరాంబ గారు చెప్పిన గడువు అయిపోయింది కదా. ఇప్పుడు నాకు తెలిసింది ఊరందరికీ తెలుసు. మద్దిలపాలెం వెళ్ళాను. అమ్మడానికి వచ్చాననుకుని నరేష్ కాగితం తీస్తుంటే, ఇంకొన్ని కొంటానన్నాను.

"మేడమ్, అందరూ అమ్మేత్తన్నారు. మీరేటి కొంతన్నారు?"

"పోతే పోయిందనుకునేంతే కొంటున్నాను బాబూ."

ఆ అబ్బాయి నా వైపు జాలిగా చూసి టీ తెప్పించాడు. సూర్యకళ కూడా వచ్చింది. ఈ నెల వేట బాగుంది, ఇంట్లోకి పోగా మిగిలిన దాంట్లోంచి చాలా కొద్దిగా ఇచ్చింది. ఇచ్చే ముందు ఆ లావు అక్షరాల పేజీ తన మనవరాలి చేత పైకి చదివించుకుంది. "ఇది పోయినా నాకు నిద్దర పడతాది. అంతే పెట్టు" అంది.

నువ్వు అతుకు పని చూసుకో.

నీ అత్త
నాగమణి


గాజువాక ఆటోనగర్, మిల్లు గెస్ట్‌హౌస్,
ఫిబ్రవరి.

అత్తకు,

ఉత్తరం పైన ఊరి పేరు చూసి కేకలు వెయ్యకు. వచ్చి వారమైంది. మీ ఇంటికి ఆటోలో వస్తే ఎంతసేపు, అయినా రాను. వస్తే నువ్వు నా మొహం చూస్తావు. కేబులు భూమిలో వేశాం. వచ్చే గురువారం కరెంటు ఇస్తాం. చూడటానికి వాటాదారుల్ని పిలిచామని పేపర్లో వచ్చింది, నువ్వూ రావచ్చు. నన్ను పలకరించకు, పనిలో ఉంటాను. గేటు దగ్గర వాచ్‌మన్ చేత పులిహోర పంపించవద్దు. అప్పుడే రెండుసార్లు పంపావు, ఇక్కడ ఉన్నానని నీకెవరు చెప్పారో నేను అడగను.

ఆశాజ్యోతి


కూర్మన్నపాలెం,
ఫిబ్రవరి నెలాఖరు.

చిరంజీవి ఆశాజ్యోతికి ఆశీస్సులు.

గురువారం నువ్వు తల ఎత్తలేదు కాబట్టి, నీకు కనపడనిది రాస్తున్నాను.

మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. సూర్యకళ పట్టుచీర కట్టింది. మమ్మల్ని తాడు కట్టిన వరసలో నిలబెట్టారు. దూరంగా గుంట దగ్గర నువ్వు, తలకు టోపీ, చేతులకు లావు తొడుగులు. గొట్టం మీంచి తెల్లటి ఆవిరి నీ మోకాళ్ళ దాకా పారుతోంది. "ఆ పిల్లకి సలి ఎయ్యదేటి" అని సూర్యకళ పక్కనున్న ఆఫీసర్ని అడిగింది. ఆయనకు తెలుగు రాదు, నవ్వాడు.

పాత రాగి కేబులు కరెంటు తీసేస్తున్నామని మైకులో చెప్పారు. మామయ్య నా చెయ్యి పట్టుకున్నారు. మిల్లు ఆగలేదు. ఎర్రగా కాలిన ఇనుప కడ్డీ రోలర్ల మధ్య నుంచి ఎలా వస్తోందో అలాగే వస్తూ ఉంది. అందరూ కడ్డీని చూస్తున్నారు, మీటర్లను చూస్తున్నారు. నువ్వు మాత్రం గుంటలోకి వంగి, నీ అతుకునే చూస్తూ ఉన్నావు. చాలాసేపటికి వీపు నిటారుగా చేసి, తొడుగు విప్పి, ముక్కు తుడుచుకున్నావు. అప్పుడు నాకు తెలిసింది, అది నిలబడిందని. మైకులో ఆ తర్వాతే చెప్పారు.

ఆ రోజు షేరు కొంచెం పెరిగిందని ఆటోలో మామయ్య ఫోన్ చూసి చెప్పారు. నేను పెట్టిన దాంట్లో పోయిందంతా రాలేదు, వస్తుందో రాదో తెలియదు. సూర్యకళ తన లెక్క వేసుకుని, "ఒక సందువా చేప కొనుక్కోవచ్చు" అంది. దారిలోనే కొనేసింది.

ఇంకొకటి. వరసలో నా పక్కన హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. పెద్ద వాటాదారుడిలా ఉన్నాడు. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి, "మీరు ఎప్పుడు ఇన్వెస్ట్ చేశారండీ?" అని మర్యాదగా అడిగాడు.

గుంట దగ్గరున్న నిన్ను చూపించాను. "ఆ అమ్మాయి పుట్టినప్పటి నుంచీ" అన్నాను.

నీ అత్త
నాగమణి